మూడో ఓటు

ఆర్డెన్ ఫాల్స్, అయోవా
1973 నవంబరు 8

నా ప్రియమైన మారెన్‌కు,

గెలిచాను. ముందు ఆ ముక్క రాసేస్తే గాని కలం ముందుకి సాగేలా లేదు. నూట పన్నెండు ఓట్ల తేడా. ముప్పై ఒక్క ఏళ్ళు ఈ ఊళ్ళో గుమ్మం గుమ్మానికీ ఉత్తరాలు పంచిన కాళ్ళు ఊరికే పోలేదు. కుక్కలకి ఓటు లేకపోవడం కూడా కలిసొచ్చిందనుకో. జనవరి రెండున ప్రమాణం. ఆ రోజు నుంచి మీ నాన్న నగర కౌన్సిల్ సభ్యుడు, ఐదుగురిలో ఒకడు.

మీ అమ్మ అయితే చర్చి నేలమాళిగలో అందరూ కలిసే కాఫీకి మూడు యాపిల్ పైలు కాల్చి పట్టుకెళ్ళింది. ఎవరైనా "మీ ఆయన గెలిచాడటగా డాగ్నీ" అంటే, "గెలిస్తే గెలిచాడు, ఇంటి ముందు ఆకులు మాత్రం ఇంకా ఊడ్వలేదు" అని అందట. ఆ మాట ఊరంతా తిరిగి మళ్ళీ నా దగ్గరికే వచ్చింది.

నేను దేని మీద గెలిచానో నీకు తెలుసు. మన నగర మేనేజరు లైల్ పెటిబోన్ మెయిన్ స్ట్రీట్‌ని కార్లు ఒకవైపే పోయే వీధి చేశాడు చూడు, దాని మీద. నేను ముప్పై ఒక్క ఏళ్ళు రెండువైపులా నడిచిన వీధి అది. ఇప్పుడు మంగలి దుకాణానికి వెళ్ళాలంటే కారులో ఊరంతా చుట్టి రావాలి. ఒహాయో నుంచి ఆరేళ్ళ కిందట వచ్చాడు, ఒక్కడు కూడా ఓటెయ్యలేదు, ఊరిని మాత్రం తనే నడుపుతాడు. "ఆయన్ని సాగనంపుతాను" అని ప్రతి గుమ్మం దగ్గరా చెప్పాను. చెప్పిన మాట మీద నిలబడేవాణ్ణి.

నీ ఉద్యోగమూ అదేనని నాకు తెలియకపోలేదు. నీ సంగతి వేరు. నువ్వు నా కూతురివి. ముప్పై నాలుగేళ్ళకే మిషిగన్‌లో ఒక ఊరికి ఊరు నీ చేతిలో పెట్టారంటే వాళ్ళకి బుద్ధుందని అర్థం. ఫోను చేస్తావేమో, చెయ్యకు. ఫోను చావు కబుర్లకి. ఉత్తరం రాయి.

కాలర్ ఎగరేసుకుని తిరుగుతున్న
నాన్న

*

బెర్విక్, మిషిగన్
1973 నవంబరు 20

ప్రియమైన కౌన్సిలర్ గారికి, అంటే మా నాన్నకి,

నీ ఉత్తరం ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను, "సాగనంపుతాను" దగ్గర గొంతు తగ్గించి. మా ఆఫీసులో రికార్డులు చూసే ఆవిడ కళ్ళు తుడుచుకుంది, నవ్వో ఏడుపో తెలియలేదు. నాకు మాత్రం గర్వంగా ఉంది నాన్నా. ఆ వయసులో చలిలో ఇల్లిల్లూ తిరిగి ఓటడగడం అందరివల్లా కాదు.

ఇప్పుడు కోప్పడకుండా ఒక మాట విను. మేనేజర్ని ఊరు ఎన్నుకోలేదన్న మాట నిజమే, ఎన్నుకోకూడదు కూడా. ఊరు మీ ఐదుగుర్ని ఎన్నుకుంటుంది. మీరు ఐదుగురూ కలిసి ఒక్క మనిషిని ఉద్యోగంలో పెట్టుకుంటారు. మిగతా ఉద్యోగులందర్నీ, పోలీసు అధిపతి దగ్గర్నుంచి మంచు తోసే బండి నడిపేవాడి దాకా, ఆ మనిషి పెట్టుకుంటాడు. ఊరు ఎటు పోవాలో మీరు చెప్పాలి, ఎలా పోవాలో ఆయన చూసుకోవాలి. మేయరు కూడా మీ ఐదుగురిలో ఒకడే, సభ నడిపే సుత్తి ఆయన చేతిలో ఉంటుంది గాని ఓటు ఒక్కటే.

మేనేజర్ని తీసేయడానికి మూడు ఓట్లు చాలు. కారణం కూడా చెప్పక్కర్లేదు. ఇది చెప్పి భయపెడుతున్నాననుకోకు, నాకిది ఇష్టం కూడా. ఏ రోజైనా మూడు చేతులు నన్ను ఇంటికి పంపగలవని తెలిసే ప్రతి పొద్దునా ఆఫీసు తలుపు తీస్తాను. అందుకే ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేస్తాను.

మీ ఊరి చార్టరు నీ దగ్గర లేకపోతే తెప్పించుకో. ఊరికి రాజ్యాంగం లాంటిది, నలభై పేజీలుంటుంది, నిద్ర బాగా పడుతుంది. కానీ రెండో అధ్యాయం చివర ఒక పేరా నిద్రపోకుండా చదువు. కౌన్సిలర్ ఎవరూ మేనేజర్ని దాటి ఏ ఉద్యోగికీ, బహిరంగంగా గాని చాటుగా గాని, పని పురమాయించకూడదు. పురమాయిస్తే పదవి పోతుంది. ఇంత కఠినంగా ఎందుకు రాశారా అనిపిస్తుంది. నువ్వే చూస్తావు.

ఇక్కడ అంతా బాగానే ఉంది. ఒక పెద్దమనిషితో చిన్న చికాకు, సర్దుకుంటుంది. అమ్మకి ముద్దులు.

నీ
మారెన్

*

ఆర్డెన్ ఫాల్స్
1974 జనవరి 9

ప్రియమైన అమ్మడూ,

క్రిస్మస్‌కి నువ్వు రాకపోవడం మీ అమ్మ మనసులో పెట్టుకుంది. బడ్జెట్ పని అన్నావు, సరే. నీ వాటా మాంసపు ఉండలు నేనే తిన్నాను, దాని ఫలితం బెల్టు చెబుతోంది.

ప్రమాణం అయింది. నా ముందు నా పేరు చెక్కిన ఇత్తడి పలక పెట్టారు. మొదటి గంటన్నర మురుగు గొట్టాల మీద మాట్లాడారు. పెటిబోన్ బల్ల చివర కూర్చుంటాడు, ఓటు లేదు, అడిగితేనే నోరు విప్పుతాడు. పొడుగ్గా, ఎండిన కర్రలా ఉంటాడు. నేను ఒకవైపు వీధి సంగతి ఎత్తగానే, "మీరు తీర్మానం పెట్టండి, ముగ్గురు ఒప్పుకుంటే రేపే బోర్డులు పీకిస్తాను" అన్నాడు. వాదిస్తాడనుకుని వారం రోజులు తయారై వెళ్ళాను. తీర్మానం పెట్టాను, ఒక్కరూ బలపరచలేదు.

అసలు కబురు ఇది. ఏడో తారీఖున పద్నాలుగు అంగుళాల మంచు పడింది. సీడర్ హిల్ మీద ఉన్న ముసలమ్మలంతా పొద్దున్నే నాకు ఫోను. మేనేజరు ఆఫీసుకి చేస్తే అక్కడి అమ్మాయి, "వరస ప్రకారం సీడర్ హిల్ తొమ్మిదోదండీ" అంది. తొమ్మిదోదంటే మధ్యాహ్నం. అప్పుడు బండి నడిపే క్లైడ్‌కి చేశాను. వాడూ నేనూ ఇరవై ఏళ్ళుగా ఒకే బౌలింగ్ జట్టు. "క్లైడ్, ముందు కొండెక్కి రా" అన్నాను. "నువ్వు ఇప్పుడు పెద్దోడివి ఆర్విడ్, నీ మాట కాదంటానా" అన్నాడు. పదింటికల్లా కొండ శుభ్రం. మధ్యాహ్నానికి మా గుమ్మంలో ఐదు డబ్బాల బిస్కట్లు.

నలభై పేజీలు చదవడం కంటే ఒక్క ఫోనుతో పనైపోయింది చూశావా. ప్రజలు అడిగారు, ప్రజల మనిషి చేయించాడు.

బిస్కట్లు పంచలేక తినేస్తున్న
నాన్న

*

1974 జనవరి 16

ప్రియమైన నాన్నా,

ఈ ఉత్తరం కూతురు రాయట్లేదు, ఒక మేనేజరు రాస్తోందనుకుని చదువు. నువ్వు చేసింది తప్పు.

ఆ పేరా నువ్వు చదివావో లేదో నాకు తెలీదు. చదివీ చేసి ఉంటే ఇంకా తప్పు. నీకు ఫోను చేసింది ఒక వీధి. పెటిబోన్ ముందున్నది ఊరంతా. ఏ ఊళ్ళోనైనా ఒకటో వరస ఆస్పత్రి రోడ్డు, రెండోది అగ్నిమాపక కేంద్రం, మూడోది బడి. ఈ వరస ఎవరికో ఇష్టమొచ్చినట్టు వేసింది కాదు. ఎక్కడ ఆలస్యమైతే మనిషి పోతాడో లెక్కేసి రాసింది. దాన్ని మీ కౌన్సిలే ఆమోదించి ఉంటుంది. నచ్చకపోతే సభలో మార్చు. ముగ్గురు ఒప్పుకుంటే మారుతుంది. వంటింటి ఫోనులో మార్చకు.

క్లైడ్ సంగతి ఆలోచించు. వాడికి ఒక్క యజమాని ఉండాలి. నువ్వు ఒకటి చెప్పి, ఆయన ఒకటి చెబితే వాడు ఎవరి మాట వినాలి? రేపు మిగతా నలుగురు కౌన్సిలర్లూ ఒక్కో వీధి చెబితే ఆ ఒక్క బండి ఎటు పోతుంది? వంద ఊళ్ళు ఇలాగే చెడిపోయి, చూసి చూసి విసుగెత్తినవాళ్ళు ఆ పేరా రాశారు.

జనానికి పనికొచ్చే పని చేయాలన్న నీ ఉబలాటం నాకు తెలుసు. వర్షంలో తడిసిన పెన్షన్ చెక్కుని నువ్వు పొయ్యి మీద ఆరబెట్టి ఇచ్చిన రోజు నాకు గుర్తుంది. ఆ మనసు నాకెంత ఇష్టమో నీకు చెప్పక్కర్లేదు. కానీ ఇప్పుడు నువ్వు ఇత్తడి పలక వెనక కూర్చున్నావు.

పెటిబోన్ దగ్గరికి వెళ్ళి నువ్వే చెప్పు. ఇప్పటికి ఏమీ మునిగిపోలేదు.

నీ
మారెన్

*

ఆర్డెన్ ఫాల్స్
1974 జనవరి 30

మారెన్,

నీ ఉత్తరం ఇరవై ఒకటి, సోమవారం అందింది. అది శనివారమే వచ్చి ఉంటే బావుండేది. ముప్పై ఒక్క ఏళ్ళు పంచాను, ఒక బట్వాడా ఆలస్యం అంటే ఏమిటో ఇప్పుడు తెలిసింది.

ఆదివారం మళ్ళీ మంచు పడింది. మళ్ళీ ఫోన్లు. మళ్ళీ క్లైడ్‌కి చేశాను. వాడు కొండ మీద ఉండగా, కింద ఆస్పత్రి రోడ్డులో అంబులెన్సు మంచులో దిగబడిపోయింది. లోపల ఫెరిస్ నూనన్, గుండెనొప్పితో. నలభై నిమిషాలు. చివరికి పక్కిళ్ళ వాళ్ళు పారలతో తవ్వి తోసుకుంటూ తీసుకెళ్ళారు. బతికాడు. కానీ గుండె సగం దెబ్బతిందన్నారు, ఇక మెట్లెక్కలేడట. పందొమ్మిది ఏళ్ళు వాళ్ళింటికి నేనే ఉత్తరాలిచ్చాను.

ఇరవై ఎనిమిదిన కౌన్సిల్. హాలు కిక్కిరిసింది. నూనన్ భార్య ముందు వరసలో కూర్చుంది. మేయరు రాయిస్ టంక్, అదే ఫర్నిచర్ కొట్టాయన, సుత్తి కొట్టి పెటిబోన్‌ని అడిగాడు.

"ఆ బండి ఆస్పత్రి రోడ్డు వదిలి కొండ మీదికి ఎందుకు పోయిందయ్యా?"

పెటిబోన్ లేచాడు. నా వైపు చూడలేదు. "బండ్లు నా కింద పనిచేస్తాయి. వరస తప్పితే తప్పు నాది" అన్నాడు.

"ఎవరు పంపారని అడుగుతున్నా."

"నేను జవాబు చెప్పాను" అన్నాడు, కూర్చున్నాడు.

అక్కడ నేను నోరు విప్పాల్సింది. విప్పలేదు. నా పలక వంక చూస్తూ కూర్చున్నాను.

టంక్ అక్కడికక్కడే నోటీసిచ్చాడు. ఫిబ్రవరి పద్దెనిమిదిన మేనేజర్ని తొలగించే తీర్మానం. టంకూ, సిమెంటు వ్యాపారీ, ఇద్దరూ అటు. ఓపల్ డ్రెస్లరూ, బడి పంతులూ, ఇద్దరూ మేనేజరు వైపు. మూడో ఓటు నాది. బయటికొస్తుంటే టంక్ నా వీపు తట్టాడు. "నీ మాట నిలబెట్టుకునే రోజొచ్చిందోయ్ ఆర్విడ్. జనం చూస్తున్నారు."

మర్నాడు పొద్దున పెటిబోన్ మా ఇంటికొచ్చాడు. మీ అమ్మ వంటింట్లో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. నేను నాలుగు దులిపి పంపేద్దామనుకున్నాను.

"క్లైడ్ నాకంతా చెప్పాడు మిస్టర్ హాల్‌గ్రెన్" అన్నాడు.

"మరి సభలో నా పేరు ఎందుకు చెప్పలేదు?"

"మీరు నా యజమానుల్లో ఒకరు. నా ఉద్యోగం కాపాడుకోడానికి యజమాని పేరు బజార్న పెట్టను. మాకో పద్ధతుంది. చెప్పాల్సింది నేను కాదు."

"చెప్తే నా పదవి పోతుంది."

"పోతుంది" అన్నాడు. "ఆ పేరా బాగా స్పష్టంగా రాశారు."

కాఫీ తాగేసి కప్పు తనే సింకులో పెట్టి వెళ్ళిపోయాడు. మీ అమ్మ అప్పట్నుంచి నాతో ఉప్పు అందించమనడం తప్ప మాట్లాడలేదు.

మారెన్, అరవై ఆరేళ్ళు నన్నెవరూ ఏ పదవికీ పిలవలేదు. ఈ పలక మీద పేరు చూసుకుంటే మా నాన్న స్వీడన్ నుంచి పెట్టె పట్టుకుని దిగిన కథ గుర్తొస్తుంది. టంక్‌తో ఓటేస్తే ఎన్నికల మాటా నిలుస్తుంది, పదవీ నిలుస్తుంది. ఊరికి తెలీదు. అదే నాకు నిద్ర పట్టనివ్వట్లేదు. ఏం చెయ్యమంటావు?

ఇంకో సంగతి. నీ కిందటి ఉత్తరం మీద బెర్విక్ తపాలా ముద్ర లేదు, లాన్సింగ్‌ది ఉంది. పైన ఆఫీసు పేరున్న కాగితం కూడా కాదు. నా కళ్ళు ఇంకా పనిచేస్తున్నాయి.

నాన్న

*

1974 ఫిబ్రవరి 5

ప్రియమైన నాన్నా,

లాన్సింగ్‌లో పని ఉండి వచ్చాను, ఇక్కడ స్నేహితురాలి ఇంట్లో ఉన్నాను. కొన్నాళ్ళు ఈ కవరు వెనక ఉన్న అడ్రసుకే రాయి.

ఎలా ఓటెయ్యాలో నీకు చెప్పను. చెప్పలేక కాదు. ఊరు ఆ ఓటు నీకిచ్చింది, నాకు కాదు. నువ్వు నన్ను అడగడం కూడా ఆ పేరా దాటడం లాంటిదే, కాస్త దూరపు చుట్టరికంతో.

ఒకటి మాత్రం కూతురిగా అంటాను. నువ్వు పదవిలో ఉన్నా, లేకపోయినా నా కళ్ళకి అంతే ఎత్తుంటావు. దాని గురించి దిగులు పెట్టుకోకు. మిగతాదంతా నువ్వే ఆలోచించుకో. నూనన్ గారిని వెళ్ళి చూశావా?

అమ్మతో మాట్లాడు. ఆవిడ ఉప్పు అడిగిందంటే ఇంకా ఆశ ఉన్నట్టే.

నీ
మారెన్

*

ఆర్డెన్ ఫాల్స్
1974 ఫిబ్రవరి 20

నా బంగారు తల్లికి,

ఇవాళ నేను ఎవరినీ కాను, ఆర్విడ్ హాల్‌గ్రెన్‌ని, అంతే. ఎంత తేలిగ్గా ఉందో రాయలేను.

నువ్వు అడిగావు కదా, నూనన్ దగ్గరికి వెళ్ళాను. కిటికీ పక్క మంచం వేశారు. ఉన్నదంతా చెప్పేశాను. "అయితే నువ్వన్నమాట" అన్నాడు. తర్వాత, "మా ఆవిడకి కూడా నువ్వే చెప్పు, నా వల్ల కాదు" అన్నాడు. చెప్పాను. ఆవిడ లేచి తలుపు తీసి పట్టుకుంది. నేను బయటికొచ్చేశాను. ఆ తలుపు చప్పుడు నాకు తగిన శాస్తే. ఇంటికొచ్చి మీ అమ్మతో, ఏం చెయ్యబోతున్నానో చెప్పాను. "కోటు ఇస్త్రీ చేస్తా, ఇటివ్వు" అంది. మూడు వారాల్లో అదే పెద్ద వాక్యం.

పద్దెనిమిదిన హాలు మళ్ళీ నిండింది. టంక్ తీర్మానం చదివాడు. చర్చ అనగానే నేను చెయ్యెత్తాను. అందరూ నేను ఎన్నికల ఉపన్యాసం మొదలుపెడతాననుకున్నారు.

"ఆ ఆదివారం బండిని కొండ మీదికి పంపింది నేను" అన్నాను. "అంతకు ముందు ఒకసారి కూడా పంపాను. మేనేజర్ని దాటి క్లైడ్‌కి ఫోను చేశాను. చార్టరు అది నేరమంటుంది. నేను చదివాను, చదివీ చేశాను. మేనేజరుకి తెలిసి కూడా నా పేరు చెప్పలేదు. నేను కూర్చుని వింటూ ఊరుకున్నాను. అంబులెన్సు సంగతి కంటే నాకు సిగ్గుగా ఉన్నది అదే."

టంక్ మైకుకి చెయ్యి అడ్డం పెట్టి, "కూర్చోవయ్యా ఆర్విడ్, నీకేమైనా పిచ్చా, పదవి పోతుంది" అన్నాడు. చెయ్యి సరిగ్గా పడలేదు, హాలంతా విన్నది.

"పోనివ్వండి. ముందు ఓటు తీసుకోండి, తర్వాత రాజీనామా ఇస్తాను" అన్నాను. నగర న్యాయవాదిని అడిగారు. కాగితం చేతికిచ్చేదాకా నేను సభ్యుణ్ణే అన్నాడు.

పేర్లు పిలిచారు. టంక్ అవునన్నాడు, సిమెంటాయన అవునన్నాడు. ఓపల్ కాదంది, పంతులు కాదన్నాడు. నా పేరు పిలిచారు. "కాదు" అన్నాను. తీర్మానం పోయింది. జేబులోంచి కాగితం తీసి టంక్ ముందు పెట్టాను. పలక అక్కడే వదిలేశాను. నలభై ఏడు రోజుల కౌన్సిలర్ని.

బయట సీడర్ హిల్ ముసలమ్మల్లో ఒకావిడ ముఖం తిప్పుకుంది, ఇంకొకావిడ నా చెయ్యి పట్టుకుంది. చిత్రం ఏమిటంటే తిప్పుకున్నావిడ గుమ్మం ముందే నేను మొదట మంచు తోయించింది. క్లైడ్‌ని పెటిబోన్ వారం రోజులు పనిలోకి రావద్దన్నాడు. నేను అడ్డం పడలేదు. అది ఆయన పని.

పెటిబోన్ మెట్ల దగ్గర ఆగి చెయ్యి చాపాడు. "మీ వీధి సంగతి మళ్ళీ ఎత్తాలనుకుంటే, పౌరుడిగా మీకు మూడు నిమిషాలు మాట్లాడే హక్కుంది" అన్నాడు. ఎత్తుతాను. మెయిన్ స్ట్రీట్ ఇంకా ఒకవైపే ఉంది, నాకు ఇంకా నచ్చలేదు. మీ అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆ వీధి పొడుగునా నడిచింది. "మీ అమ్మాయికి రాయి" అంది. రాశాను.

ఇప్పుడు నీ సంగతి చెప్పు. లాన్సింగ్‌లో నెల పైన ఏం పని?

తల తిరుగుతున్నా తలెత్తుకున్న
నాన్న

*

లాన్సింగ్, మిషిగన్
1974 ఫిబ్రవరి 27

నా ప్రియమైన నాన్నకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను, ఒకసారి స్నేహితురాలికి, ఒకసారి పక్కింటావిడకి కూడా. నా గర్వం ఎక్కడ పెట్టుకోవాలో తెలీక ఊళ్ళోవాళ్ళకి పంచుతున్నాను.

నాకు బెర్విక్‌లో ఉద్యోగం లేదు. డిసెంబరు పదిహేడున తీసేశారు, మూడుకి రెండు. ఒక కౌన్సిలరు తన మేనల్లుణ్ణి నీళ్ళ విభాగంలో పెట్టమన్నాడు. పరీక్షలో అతనికంటే పై మార్కులు వచ్చినవాళ్ళు ఆరుగురున్నారు. పెట్టనన్నాను. ఆయన ఇంకో ఇద్దర్ని కూడగట్టుకున్నాడు. కారణం చెప్పలేదు, చెప్పక్కర్లేదు, నీకు ముందే రాశాను కదా. సొరుగులు ఖాళీ చేసి తాళాలు లెక్కపెట్టి ఇచ్చి వచ్చేశాను. క్రిస్మస్‌కి రాకపోయింది బడ్జెట్ వల్ల కాదు. మీ ముఖాలు చూస్తే దాచలేనని. ఆ రోజుల్లో ఏడ్చాను. కానీ ఒక్క రోజు కూడా చేసినదానికి చింతించలేదు. నన్ను తీసేయగల అధికారం వాళ్ళకి ఉండాలనే ఇప్పటికీ అంటాను. దాన్ని వాళ్ళు తప్పుగా వాడారు, అంతే. వచ్చే గురువారం విస్కాన్సిన్‌లో ఒక ఊరి కౌన్సిల్ నన్ను చూస్తానంది. ఎందుకు తీసేశారని అడుగుతారు. ఇదే చెబుతాను.

నీకు ఎందుకు చెప్పలేదంటే, నువ్వు ఒక మేనేజరు మీద తీర్పు చెప్పే కుర్చీలో కూర్చోబోతున్నావు. నా సంగతి తెలిస్తే నీకు ఆయన కనపడడు, నేనే కనపడతాను.

ఇంకొకటి ఉంది. ఇది రాయడానికే కలం పట్టుకున్నాను.

మా మేనేజర్ల సంఘం పత్రికలో ఎక్కడ ఉద్యోగం ఖాళీ అయినా ఊరి పేరు వేస్తారు. నువ్వు ఊరంతా నా గురించి చెప్పుకుంటావు కదా, అందులో బెర్విక్ చూసి, డిసెంబరు ఆఖరున నాకు ముక్కూ ముఖం తెలియని మనిషి ఒకాయన ఉత్తరం రాశాడు. లైల్ పెటిబోన్. 'మీ నాన్నగారు కొద్ది రోజుల్లో నా యజమాని కాబోతున్నారు. మీకు జరిగింది ఆయనకి తెలుసా? తెలియకపోతే నేను చెప్పనా, మీరే చెబుతారా?' అని అడిగాడు. చెప్పవద్దని, కారణంతో సహా రాశాను. ఒక్క మాట తిరిగొచ్చింది: 'సరే.'

నాన్నా, జనవరి ఇరవై తొమ్మిదిన ఆయన మన వంటింట్లో కూర్చున్నప్పుడు ఆయనకి ఇదంతా తెలుసు. 'మీ అమ్మాయిని ఇలాగే తీసేశారు' అని ఒక్క ముక్క అని ఉంటే, కాఫీ చల్లారేలోపు నీ ఓటు ఆయన చేతిలో పడేది. ఆ ముక్కతో ఆయన ఉద్యోగం, ఆయన ఇల్లు, ఆయన పిల్లల బడి అన్నీ నిలిచేవి. ఆయన కప్పు సింకులో పెట్టి వెళ్ళిపోయాడు.

నీ ఓటు నీదిగానే ఉండనిచ్చాడు. నువ్వు లేచి నిలబడింది నీ కూతురి కోసం కాదు, నీకు నచ్చని మనిషి కోసం.

ఇద్దర్నీ తలుచుకుని తలెత్తుకు తిరుగుతున్న
నీ మారెన్